మన కొండల నడుమ సరస్సు: సోమశిల విహారం, నీటి కింది ఊళ్లు



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా విహారస్థలం గురించి చరిత్రతో కూడిన వ్యాసం రాయమని మన సంఘం బాధ్యులు అడిగినప్పుడు ముందుగా నాకు ఉద్యోగకాలంలో మనం చేసిన యాత్రలే గుర్తుకు వచ్చినవి. ఎల్.టి.సి. మంజూరైతే తిరుపతి, విశాఖపట్నం, అరకు. కాస్త పొదుపు చేసుకున్నవారు ఊటీ, కొడైకెనాల్ కూడా చూసి వచ్చినారు. అక్కడి సరస్సులో పడవ ఎక్కి, ఒడ్డున ఫొటో దిగి, ఆ ఫొటోను పటం కట్టించి గోడకు పెట్టుకున్న ఇండ్లు బిజినేపల్లిలో ఇప్పటికీ ఉన్నవి. కాని మన ఊరి నుండి నాగర్‌కర్నూల్, పెద్దకొత్తపల్లి, కొల్లాపూర్ మీదుగా సుమారు రెండు గంటలు ప్రయాణం చేస్తే వాటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన సరస్సు నల్లమల కొండల మధ్య ఉన్నదన్న సంగతి మనలో చాలామందికి రిటైరైన తరువాతనే పట్టింది.

అది శ్రీశైలం జలాశయం. కొల్లాపూర్ వైపు వారు సోమశిల అంటారు, అలంపూర్ వైపు వారు బ్యాక్ వాటర్ అంటారు, అమ్రాబాద్ వైపు వారు పాతాళగంగ అంటారు. పేరేదైనా నీరు ఒక్కటే. ఈ నీటి ఒడ్డున ఉన్న ఊళ్లు, గుళ్లు, గడీలు, విడిది బంగళాల కథను నాకు తెలిసినంత మేరకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అది చెప్పేటప్పుడు నీటి కింద ఉన్న ఊళ్ల కథ కూడా చెప్పక తప్పదు.

సరస్సు ఒడ్డున విడిది: పాత అలవాటే

కొండల నడుమ నీటి ఒడ్డున విడిది కట్టుకోవడం మనిషికి చాలా పాత అలవాటు. ఇటలీ దేశంలో ఆల్ప్స్ పర్వతాల అంచున కోమో అనే సరస్సు ఉన్నది. పంతొమ్మిది వందల సంవత్సరాల క్రితం ఆ ఊరిలోనే పుట్టిన ప్లీనీ అనే రోమన్ రచయితకు ఆ ఒడ్డున ఎన్నో ఇండ్లుండేవి. అందులో రెండింటికి ఆయన ముద్దుగా నాటకాల పేర్లు పెట్టుకున్నాడు. రాళ్ల గుట్ట మీద ఎత్తుగా ఉన్నదానికి 'విషాదం' అని, నీటి అంచున కిందుగా ఉన్నదానికి 'ప్రహసనం' అని. విషాద నాటకంలో నటులు ఎత్తు మడమల జోళ్లు, ప్రహసనంలో చదును చెప్పులు వేసుకునేవారు కాబట్టి ఆ పోలిక. తరువాతి కాలంలో క్రైస్తవ మతాధికారులు, ప్రభువులు, వర్తకులు అక్కడ భవంతులు కట్టినారు. 1568లో ఒక కార్డినల్ కట్టించుకున్న వేసవి భవనం 1873లో హోటలుగా మారింది. నేటికీ ప్రపంచం నలుమూలల నుండి యాత్రికులు అక్కడికి వెళతారు.

మన దక్షిణాదిలో ఆ అలవాటును తెల్లదొరలు తెచ్చినారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1820లలో ఊటీలో వాగుకు కట్ట వేయించి సరస్సు చేయించినాడు. మధుర కలెక్టరుగా చేసిన లెవింజ్ దొర 1863లో కొడైకెనాల్‌లో అదే పని చేసినాడు. అంటే మనం మురిసిపోయి చూసి వచ్చిన ఆ రెండు సరస్సులూ మనిషి చేతి పనులే. మైసూరు మహారాజు ఊటీలో భవనం కట్టుకుంటే, మన నిజాం నవాబుకు కూడా అక్కడ సీడార్స్ అనే భవనం ఉండేది.

కోమో సరస్సు విస్తీర్ణం సుమారు 146 చదరపు కిలోమీటర్లు. మన శ్రీశైలం జలాశయం నిండుకుండగా ఉన్నప్పుడు 615 చదరపు కిలోమీటర్లు, అనగా సుమారు లక్షన్నర ఎకరాలు. నాలుగు కోమోలు ఇందులో పడతాయి. అయితే ఆ సరస్సు హిమనదుల వల్ల వేల ఏండ్ల కింద ఏర్పడింది. మనది మన కండ్ల ముందర, మనం సర్వీసులో ఉండగానే ఏర్పడింది.

మన రాజులు, మన ఆఫీసర్లు ఎక్కడికి పోయేవారు?

సరస్సు రాకముందు మన పాలమూరు ప్రాంతంలో విహారం లేదా అంటే ఉన్నది. కాని అది ఎవరి తాహతును బట్టి వారికి ఉండేది.

నిజాం ప్రభువులకు, వారి అతిథులకు అమ్రాబాద్ పీఠభూమి మీద ఫర్హాబాద్ ఉండేది. ఫర్హ్ అంటే సంతోషం. ఆ పేరుకు ఆనందపురం అని అర్థం చెప్పుకోవచ్చు. మన్ననూరు దాటిన తరువాత అడవిలో కొండ అంచున ఉన్న ఆ విడిది పులి వేటకు ప్రసిద్ధి. అక్కడ నిలబడితే కింద లోయ, ఆ లోయ నిండా అడవి. ఎండాకాలం మన బిజినేపల్లిలో రాళ్లు పగిలే వేడి ఉంటే అక్కడ సాయంత్రానికి చల్లగాలి తగులుతుంది. పులిని వేటాడిన ఆ అడవినే 1983లో పులుల రక్షణ కేంద్రంగా ప్రకటించినారు. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. వేట విడిది ఉన్నచోటికి ఇప్పుడు అటవీశాఖ వారి సఫారీ బండ్లు యాత్రికులను తీసుకుపోతున్నవి.

ఆ అడవి ఖాళీ జాగా కాదు. అది చెంచుల ఇల్లు. ఆస్ట్రియా దేశస్థుడైన హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లో భార్యతో కలిసి ఈ పీఠభూమికి వచ్చి, చెంచుల పెంటలలో తిరిగి, వారి జీవితం మీద 1943లో పెద్ద గ్రంథం ప్రచురించినాడు. ప్రభువులకు అది వేటకు వచ్చే చోటు. చెంచులకు గడ్డలు తవ్వుకునే, తేనె తీసుకునే, పిల్లలను కనే చోటు.

సంస్థానాధీశుల సంగతి వేరు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, గోపాల్‌పేట అన్నీ మన చుట్టూ ఉన్నవే. వాటిలో సురభి వారి సంస్థానానికి మొదటి రాజధాని కృష్ణ ఒడ్డున ఉన్న జటప్రోలు. తరువాత రాజధాని కొల్లాపూర్‌కు మారింది. 'చంద్రికా పరిణయం' రాసిన సురభి మాధవరాయలు ఈ వంశం వాడే. కొల్లాపూర్ కోట, అందులోని మహళ్లు, ఊరి చుట్టూ మామిడి తోటలు చూసినవారికి ఆ ప్రభువుల విలాసం ఎట్లుండేదో కొంత అర్థమవుతుంది.

ఇక మన వంటి ఆఫీసు మనుషులకు డాక్ బంగళాయే విహారం. ఇన్‌స్పెక్షన్ పేరు మీద పై అధికారి వస్తే ఆయన లోపల గదిలో, మనం వరండాలో. వాచ్‌మన్ చేసిన కోడికూర రుచి మాత్రం ఇద్దరికీ ఒక్కటే!

రైతుకు, కూలికి విహారమంటే జాతర. సంక్రాంతికి సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర, శివరాత్రికి శ్రీశైలం, చైత్ర పున్నమికి సలేశ్వరం, పుష్కరాలకు కృష్ణ స్నానం. ఎడ్లబండి కట్టి, సద్దిమూట పెట్టుకొని, పిల్లాజెల్లా అందరితో బయలుదేరేవారు. దారిలో ఏ చెట్టు కింద ఆగితే అదే విడిది. నదీతీరంలోని ఊళ్లలో చుట్టరికాలుంటే అక్కడ రెండు రోజులు బస.

ఆ ఊళ్లలో చాలా భాగం ఇప్పుడు లేవు.

నీరు వచ్చిన కాలం

1963 జూలైలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినారు. మొదట ఇది కేవలం విద్యుత్తు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. సాగునీటి అవసరాలు తరువాత చేరినవి. రెండు కొండల నడుమ 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తుతో ఆనకట్ట, దానికి 12 గేట్లు. పనులు ఏండ్లకేండ్లు సాగినవి. 1982లో కుడిగట్టు కేంద్రంలో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. కుడిగట్టున 770 మెగావాట్లు, తరువాత ఎడమగట్టున కొండ లోపల కట్టిన కేంద్రంలో 900 మెగావాట్లు. మన ఇండ్లలో బల్బు వెలగడానికి, బావుల మీద మోటార్లు తిరగడానికి ఈ నీటి ఉపకారం తక్కువేమీ కాదు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. మొదట లెక్క వేసిన నిల్వ 308 టి.ఎం.సి.లు. ఏండ్ల తరబడి పూడిక చేరి తరువాతి సర్వేలో అది 216 టి.ఎం.సి.ల లోపుకు వచ్చింది.

ఈ నీటికి జాగా ఇచ్చినవి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలోని సుమారు వంద గ్రామాలు. నది ఒడ్డున ఒండ్రు మట్టి భూములు. వానాకాలం నీరు తగ్గగానే దుక్కి లేకుండానే శనగ, జొన్న పండే భూములు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద నగదు లెక్కగట్టి ఇచ్చినారు. భూమికి భూమి ఇవ్వలేదు. నీరు రాదులే అని కొందరు, వచ్చినప్పుడు చూద్దామని కొందరు, పోవడానికి చోటు లేక కొందరు ఊళ్లు వదలలేదు. 1981 వేసవిలో అధికారులు ఇండ్లు కూలగొట్టి ఖాళీ చేయించినారు. వచ్చిన డబ్బు అప్పులకు, పెండ్లిండ్లకు, కొత్త గుడిసెలకు కరిగిపోయింది. ఎందరో రైతులు కూలీలుగా మారినారు.

ఇక్కడ మన పెన్షనర్లు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1986లో ప్రభుత్వం జి.ఓ. నెంబరు 98 జారీ చేసింది. శ్రీశైలం ముంపు కుటుంబంలో ఒకరికి అర్హతను బట్టి ఉద్యోగం ఇవ్వాలని దాని సారాంశం. కొందరికి లస్కర్లుగా, ఇతర చిన్న పోస్టులలో అవకాశం వచ్చింది. మిగిలినవారు దశాబ్దాల పాటు అర్జీలు పెట్టుకుంటూ, ధర్నాలు చేసుకుంటూ తిరిగినారు. 1986లో పాతికేండ్ల యువకుని లెక్క వేసి చూడండి. 2021లో తెలంగాణలో పదవీ విరమణ వయసు 61కి పెంచినారు. ఆ యువకునికి 2022లో 61 నిండినవి. అంటే ఉద్యోగంలో చేరకుండానే అతనికి రిటైర్మెంటు వయసు వచ్చింది! డి.ఏ. ఒక విడత ఆలస్యమైతే మనం ఎంత బాధపడతామో మనకు తెలుసు. సర్వీసు పుస్తకమే తెరవబడని వారి బాధ ఊహించుకోండి.

ఒడ్డు వెంబడి యాత్ర

ఇప్పుడు సరస్సు పడమటి కొస నుండి తూర్పుకు ఒడ్డు వెంబడి నడిచి వద్దాము.

మొదట అలంపూర్. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ శక్తిపీఠం ఉన్న ఊరు. జలాశయం నీటి నుండి కాపాడటానికి ఈ ఊరికి గోడ కట్టినారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి వద్ద ఉన్న సంగమేశ్వరాలయం మాత్రం ముంపులో పడింది. పురావస్తు శాఖ వారు రాయి రాయికీ నెంబరు వేసి, విప్పి, అలంపూర్‌కు తెచ్చి మరల నిలబెట్టినారు. ఇప్పుడు దాని ముందు నిలబడినవారికి ఇది వేరే చోట పుట్టిన గుడి అని చెబితే తప్ప తెలియదు. 2009 అక్టోబరులో వచ్చిన వరదకు జలాశయం మట్టం 885 దాటి 896 అడుగులకు చేరినప్పుడు కర్నూలు పట్టణం, అలంపూర్ ప్రాంతం నీట మునిగిన సంగతి మీకందరికీ గుర్తే.

తరువాత జటప్రోలు. సురభి వారి పాత రాజధాని. ఇక్కడి మదనగోపాలస్వామి ఆలయాన్ని కూడా అదే పద్ధతిలో ఎత్తు ప్రదేశానికి తరలించినారు. దాని పక్కన మంచాలకట్ట. మంచాలకట్ట మాధవస్వామి ఆలయం ఇప్పుడు కొల్లాపూర్‌లో ఉన్నది. కొల్లాపూర్‌లో దర్శనం చేసుకునే పిల్లలకు స్వామి ఏ ఊరి నుండి వచ్చినాడో పెద్దలు చెప్పాలి.

మంచాలకట్ట పేరు చెప్పగానే 2007 జనవరి గుర్తుకు వస్తుంది. అవతలి ఒడ్డున ఉన్న నెహ్రూనగర్ వైపు వెళుతున్న పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయినారు. సరస్సు వచ్చిన తరువాత ఎదురెదురు ఊళ్ల వారికి పడవే దిక్కయింది. అప్పటి నుండి సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న కోరిక బలపడింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం వెయ్యి కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో అక్కడ తీగల వంతెనకు అనుమతి ఇచ్చింది. బొమ్మల్లో అది చాలా అందంగా ఉన్నది. కాని ఆ వంతెన అవసరం అందం వల్ల పుట్టింది కాదని మనం మరువరాదు.

ఇక సోమశిల. ఇక్కడి లలితా సోమేశ్వరాలయ సముదాయం కూడా నీటి దారి నుండి పైకి తెచ్చి కట్టినదే. గుట్ట మీద నుండి చూస్తే మూడు దిక్కుల నీరు, నీటి మీద కొండల నీడ. 2015-16లో కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ పథకం కింద మహబూబ్‌నగర్ జిల్లాకు పర్యావరణ పర్యాటక వలయాన్ని మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫర్హాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం అందులో ఉన్నవి. సోమశిలలో నీటికి ఎదురుగా పర్యాటక సంస్థ కాటేజీలు వెలసినవి. ఇక్కడి నుండి శ్రీశైలానికి లాంచీ యాత్ర కూడా నడిపినారు. ఒకనాడు నవాబులకే దక్కిన విడిది నేడు టికెట్టు కొన్న ఎవరికైనా దక్కుతున్నది. ఇది సంతోషించవలసిన మార్పు.

సోమశిలకు ఎదురుగా, ఆంధ్రప్రదేశ్ వైపు, సంగమేశ్వరం. కృష్ణ, తుంగ, భద్ర, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు కలిసే చోటని దానికి పేరు. అక్కడి శివలింగం వేప మొద్దు. ఏటా నీరు పెరిగినప్పుడు గుడి మునిగిపోతుంది, తగ్గినప్పుడు తేలుతుంది. ఇటలీ ఉత్తర సరిహద్దులో రెషెన్ అనే సరస్సు ఉన్నది. 1950లో విద్యుత్తు ప్రాజెక్టు కోసం అక్కడి గ్రౌన్ అనే ఊరిని ముంచినారు. పద్నాలుగవ శతాబ్దపు చర్చి గంట గోపురం మాత్రం నేటికీ నీటి మధ్యన నిలబడి ఉన్నది. యాత్రికులు వచ్చి దానిని ఫొటోలు తీసుకుంటారు. లోకమంతటా కథ ఒక్క తీరుగానే ఉన్నది.

సోమశిల దాటి తూర్పుకు పోతే అమరగిరి, చీమలతిప్ప, అంకాలమ్మ కోట. నీటి మధ్య తిప్పలు చూసి ఈ కాలపు పిల్లలు దీనిని మాల్దీవులతో పోలుస్తున్నారు. ఒడ్డున చెంచుల ఇండ్లు, విశాఖపట్నం వైపు నుండి వలస వచ్చిన మత్స్యకారుల గుడిసెలు కనిపిస్తాయి. వేసవిలో నీరు వెనుకకు పోయినప్పుడు బయటపడిన భూమిలో ముంపు రైతులు మరల నాగలి కట్టుకుంటారు. ఎవరి పొలం గట్టు ఎక్కడ ఉండేదో పెద్దవారికి ఇప్పటికీ గుర్తే.

అక్కడి నుండి నది రెండు కొండల నడుమ సన్నని లోయలోకి దూరుతుంది. పన్నెండవ శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి, శివభక్తురాలు అక్కమహాదేవి తపస్సు చేసినదని చెప్పే గుహలు ఇక్కడనే ఉన్నవి. ఆ తరువాత పాతాళగంగ, ఆనకట్ట, ఎడమ ఒడ్డు మీద ఈగలపెంట. చెంచుల భాషలో పెంట అంటే ఊరు. ప్రాజెక్టు కాలంలో ఇంజనీర్లు, కార్మికులు కాపురమున్న చోటు అది. మన సంఘం సభ్యులలో కొందరి పిల్లలు అక్కడ పుట్టినవారే.

ఒక మిత్రుని మాట

కొంతకాలం కింద మేము పదిహేనుమంది పెన్షనర్లం కుటుంబాలతో బస్సు మాట్లాడుకొని సోమశిల వెళ్లినాము. మాలో ఒక మిత్రుడు ముంపు గ్రామం వాడు. చిన్న ఉద్యోగం దొరికి, కష్టపడి పైకి వచ్చి, మాతో పాటే రిటైరైనాడు. అందరం సంబరంగా పడవ వైపు నడుస్తుంటే ఆయన రావిచెట్టు కింద కూర్చున్నాడు.

"రా అన్నా, నీళ్లంటే భయమా?" అని నేను నవ్వులాటకు అన్నాను.

"భయం కాదు సార్. మా అమ్మను, నాయనను పెట్టిన జాగ గా నీళ్లల్లనే ఉన్నది. దాని మీదికెళ్లి పడవల పోబుద్ధి గాదు. మీరు పోయి రాండ్రి," అన్నాడు.

నాకు మాట రాలేదు. ముప్పై ఏండ్లు ఒకే ఆఫీసు వరండాలో కూర్చున్నాము. ఆయన ఊరు మునిగిందని తెలుసు గాని ఆ ఊరి సంగతి ఒక్కనాడూ అడగలేదు. ఆ రోజు నేను కూడా పడవ ఎక్కలేదు. ఆయన పక్కన కూర్చుంటే వేలు చూపించుకుంటూ చెప్పినాడు. అదుగో అక్కడ రచ్చకట్ట, ఇటు హనుమాండ్ల గుడి, ఆ తిప్ప దగ్గర మా చేను, దానికి ఇవతల బడి. నాకు కనిపించింది నీరు మాత్రమే. పడవ దిగి వచ్చిన మా మనవలు కూడా చుట్టూ చేరి విన్నారు. "తాతా, బడి కూడా మునిగిందా? మరి పిల్లలు ఎక్కడ చదువుకున్నారు?" అని ఒక మనవరాలు అడిగింది. ఆయన కొంతసేపు ఊరుకుని, "కొందరు చదువుకోలేదు బిడ్డా," అన్నాడు.

మనం చేయదగినది

ఈ వ్యాసం చదివి సోమశిల పోవద్దని ఎవరూ అనుకోకూడదు. తప్పక పోవాలి. ఆ ఒడ్డున నాలుగు రూపాయల వ్యాపారం సాగితే ముంపు కుటుంబాల పిల్లలకే బతుకుదెరువు. వాహనం నడపడం, చేపలు వండి పెట్టడం, పడవ నడపడం వారి చేతిలో ఉంటే మంచిది. పైగా ఇదే నీటిని ఎల్లూరు దగ్గర ఎత్తిపోసి మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ద్వారా మన నాగర్‌కర్నూల్ ప్రాంతపు మెట్ట పొలాలకు మళ్లించినారు. మన చెరువులలోకి చేరే నీటిలో ఆ వంద ఊళ్ల త్యాగం ఉన్నది.

పోయేవారికి నాలుగు మాటలు. నిండు సరస్సు చూడాలంటే వానాకాలం వరదలు వచ్చిన తరువాత, శీతకాలం మొదట్లో పోవాలి. సంగమేశ్వరం గుడి చూడాలంటే నీరు తగ్గే వరకు ఆగాలి. ఫర్హాబాద్, ఈగలపెంట పోదలచినవారు మన్ననూరు అటవీ గేటు రాత్రిపూట మూసివేస్తారని గుర్తుంచుకొని పగటివేళనే అడవి దాటాలి. పడవ ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ వేసుకోనిదే ఎక్కవద్దు. కిక్కిరిసిన పడవ ఎంత తొందర ఉన్నా వదిలివేయండి. బి.పి., షుగర్ మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు రేవు మెట్ల దగ్గర పిల్లల చేయి పట్టుకోండి.

మన సంఘానికి నాదొక సూచన. సోమశిల ఘాటు దగ్గర మునిగిన గ్రామాలన్నింటి పేర్లతో ఒక రాతి ఫలకం నిలబెడితే బాగుంటుంది. అధికారులకు ఒక వినతిపత్రం పంపుదాము. రెవెన్యూలో, సర్వేలో, విద్యాశాఖలో పనిచేసిన మన సభ్యులకు ఆ ఊళ్ల పేర్లు, శివార్లు ఇంకా గుర్తున్నవి. మరో పదేండ్లు పోతే చెప్పేవారు ఉండరు. జి.ఓ. 98 కింద అర్హత ఉండి ఏమీ దక్కని కుటుంబాలకు అర్జీలు రాసిపెట్టే పని కూడా మన చేతిలో ఉన్నదే. నోట్ ఫైలు రాయడం, రిఫరెన్సు వెతకడం మనకంటే బాగా ఎవరికి వచ్చు?

మునిగిన ఊరి నుండి వచ్చిన సభ్యులెవరైనా ఉంటే తమ ఊరి పేరు, గుడి, బడి, చెరువు, అక్కడి ఇంటిపేర్లు ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వవలసిందిగా మనవి. రాయడానికి కండ్లు సహకరించనివారు చెబితే నేను వచ్చి రాసుకుంటాను. మా మిత్రుని ఊరి కాగితం ఇప్పటికే నా దగ్గర ఉన్నది. దానిలో బడి ఉన్న చోటును ఆయన మనవరాలే గీసింది.